రాతిని ఉతికే సబ్బు

గాజు గొట్టం కడగడంలో మా ల్యాబ్‌లో నన్ను మించినవాళ్లు లేరని నాలుగేళ్లు గట్టిగా నమ్మాను. నమ్మడమే కాదు, అందరికీ వినబడేలా చెప్పేదాన్ని కూడా. కొత్తగా చేరినవాళ్లు గొట్టం సరిగా కడగకపోతే చేతిలోంచి లాక్కుని, నేనే కడిగి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించేదాన్ని. ముక్కు మీద కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి పనిమీద గర్వం తోడైంది. రెండూ ఉన్న మనిషితో పనిచేయడం పక్కవాళ్లకు కష్టమేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

మా ల్యాబ్ ఎల్‌బీ నగర్ దాటాక, బడంగ్‌పేట్ వైపు పోయే దారిలో ఒక రెండంతస్తుల బిల్డింగ్‌లో ఉంది. కింద ఫినాయిల్, గిన్నెలు తోమే లిక్విడ్ తయారవుతాయి. పైన మేం ఉంటాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్‌బీ నగర్‌లో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో పోతాను. పై అంతస్తులో మేం తయారుచేసేది కూడా ఒక రకం సబ్బే. కాకపోతే అది బట్టలకూ గిన్నెలకూ కాదు, భూమి లోపలి రాతికి.

చమురు భూమి కింద చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ ఎమ్మెస్సీలో చేరేదాకా అలాగే అనుకున్నాను. అది ఉండేది రాతిలో, ఇసుక రేణువుల మధ్య సందుల్లో. బావి తవ్వగానే కొంత దానంతటదే పైకి తన్నుకొస్తుంది. తర్వాత పక్క బావిలోంచి నీళ్లు తోసి ఇంకొంత రాబడతారు. ఆ తర్వాత ఎన్ని నీళ్లు తోసినా నీళ్లే తిరిగొస్తాయి. మిగిలిన చమురు చిన్నచిన్న బొట్లుగా సందుల్లో ఇరుక్కుని ఉంటుంది, నీళ్లు దాని పక్కనుంచి దారి చేసుకుని పోతాయి. ఆ నీళ్లలో సరైన సర్ఫాక్టంట్ కలిపితే నూనెకూ నీళ్లకూ మధ్య ఉన్న బిగువు సడలుతుంది. అప్పుడు బొట్టు సాగి, సన్నబడి, సందులోంచి జారి బయటపడుతుంది. సర్ఫాక్టంట్ అంటే సబ్బులో జిడ్డును వదిలించే అసలు సరుకు. కానీ భూమి లోపలి నీళ్లు ఉప్పగా, వేడిగా ఉంటాయి, మామూలు సబ్బు అక్కడ విరిగిపోతుంది. అందుకే ఏ బావి చమురుకు ఆ బావి సబ్బును విడిగా తయారుచేయాలి.

ఇదంతా చెబితే మా నాయిన రెండు నిమిషాల్లో అర్థం చేసుకున్నాడు. అప్పుడాయన మా సందు మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర నిలబడి ఎవరిదో చీర మడత పెడుతున్నాడు.

"అంటే బట్టలకెళ్లి జిడ్డు పోయినట్టు బండలకెళ్లి పోవాలె. గంతేనా?"

"గంతే నాయినా."

"మరి పిండుడెట్ల? బండను పిండుతరా?"

"వెనకనుంచి ఇంకిన్ని నీళ్లు తోస్తరు. గదే పిండుడు."

ఆయన చీర మడతను అరచేత్తో నొక్కి, "అయితే మన పనే" అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, కొంచెం చిరాకూ వేసింది. ఎందుకంటే ఆఫీసులో మా నాయిన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే నేను "బిజినెస్" అనేదాన్ని. మేం చాకలివాళ్లం. నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో తాతల నాటి నుంచీ ఊరి బట్టలన్నీ ఉతికింది మా ఇంటివాళ్లే. నాకు ఆరేళ్లప్పుడు మూటాముల్లె సర్దుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చాం. మొదట్లో అమ్మ, నాయిన ఇద్దరూ ఇళ్ల బట్టలు తెచ్చి ఉతికేవాళ్లు. వాషింగ్ మెషిన్లు ఇంటింటికీ వచ్చాక ఇస్త్రీ మిగిలింది.

మా ఊరి బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లగా విరిగి బట్టకు అంటుకుంటుంది. మంచి నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చుకోవాలి. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఒక మూట బట్టలను ఆఖరున జాడించిన నీళ్లు పారబోయరు. తర్వాతి మూటకు అవే మొదటి నీళ్లు. నగరానికి వచ్చినా అమ్మ ఆ పద్ధతి వదల్లేదు. జాడించిన నీళ్లు ఎవరైనా మోరీలో పోస్తే వీపు మీద ఒక్కటిచ్చేది. నీళ్లు పారబోయకూడదన్నది నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అది చేతికే తెలుసు.

ల్యాబ్‌లో మా పరీక్ష ఇలా ఉంటుంది. సన్నటి గాజు గొట్టంలో ఉప్పు నీళ్లు, మా సర్ఫాక్టంట్ కలిపి నింపి, మధ్యలో ఒక్క బొట్టు చమురు పెట్టి, గొట్టాన్ని యంత్రంలో గిర్రున తిప్పుతాం. సరుకు మంచిది కాకపోతే బొట్టు బఠాణీలా గుండ్రంగా ఉంటుంది. మంచిదైతే సేమ్యా పోగులా సాగుతుంది. ఎంత సన్నగా సాగితే రాతి సందుల్లోంచి అంత సులువుగా జారుతుందని లెక్క. కోస్తా వైపు ఒక పాత చమురు క్షేత్రం వాళ్లు తమ చమురు పంపించి, దానికి సరిపోయే సర్ఫాక్టంట్ చేసిపెట్టమని మమ్మల్ని అడిగారు. రెండేళ్లు ఆ బఠాణీని చూస్తూ కూర్చున్నాను. ఎన్ని రకాలు కలిపినా అది కొంచెం కోలగా అయ్యేది, అంతే.

ఆ ఎండాకాలం బిల్డింగ్ బోరు ఎండిపోయింది. ట్యాంకర్ వస్తే నీళ్లు, లేకపోతే లేదు. డిస్టిల్డ్ వాటర్ తయారయ్యేది రోజుకు కొంచెమే. గొట్టాలు ఎలా కడగాలో సింకు పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ముందు జిడ్డు కరిగించే సాల్వెంట్, తర్వాత సబ్బు (మా కింద తయారయ్యే గిన్నెల లిక్విడే), తర్వాత పదిసార్లు కొత్త డిస్టిల్డ్ నీళ్లు. ఆ పదిసార్ల నీళ్లూ సింకులో పోయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకని సింకు కింద ఒక బకెట్ పెట్టాను. జాడించిన నీళ్లు అందులోకి. తర్వాతి గొట్టాలకు తొమ్మిదిసార్లు ఆ నీళ్లే, ఆఖరున ఒక్కసారి కొత్తవి. గొట్టం వెలుతురుకు ఎత్తితే తళతళలాడేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బకెట్ పెట్టిన కొద్ది రోజులకే బొట్టు సాగింది.

అంతకుముందు రోజు తయారుచేసిన కొత్త మిశ్రమం అది. యంత్రం తిరగడం మొదలైన కాసేపటికి బొట్టు కోలగా అయింది, తర్వాత పుల్లలా, తర్వాత పోగులా. నేను కుర్చీలోంచి లేచి మా సార్‌ను కేకేశాను. మా సార్ గుంటూరు వైపు మనిషి, కంపెనీ ఆయనదే. కళ్లజోడు నుదుటి మీదికి తోసి తెరకు మొహం ఆనించి చూశారు.

"ఏంటమ్మా ఇది! నిజంగా మనదేనా? మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు."

మళ్లీ పెట్టాను. మళ్లీ సాగింది. ఆ వారమంతా సాగుతూనే ఉంది. సార్ చమురు క్షేత్రం వాళ్లకు ఫోన్ చేసి చెప్పారు, వాళ్ల నిపుణుడు మూడు వారాల్లో వచ్చి చూస్తానన్నాడు. నేను గాల్లో తేలిపోయాను. మెట్రోలో పక్క సీట్లో కూర్చున్న మనిషిని పిలిచి చెప్పాలనిపించేది.

తర్వాతి వారం రెండు రోజులు సెలవు పెట్టి, మేనత్త మనుమరాలికి చెవులు కుట్టిస్తుంటే ఊరికి పోయాను. తిరిగొచ్చేసరికి సార్ మొహం మాడిపోయి ఉంది.

"రెండు రోజుల్నుంచి నేనే స్వయంగా పెట్టి చూస్తున్నానమ్మా. ఒక్కటీ సాగట్లేదు. నువ్వు లేవని గొట్టాలు ఆవిడ కడిగింది. సరిగ్గా కడగట్లేదు ఆవిడ. సోమవారం నుంచి వేరే మనిషిని చూసుకుందాం."

ఆవిడ అంటే అల్మాస్‌గూడ నుంచి వచ్చే అక్క. ల్యాబ్ తుడవడం, గాజు సామాను కడగడం ఆమె పని. నా గొట్టాలు మాత్రం నేను ఆమెను ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. సార్ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఏం జరిగిందని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేరుగా సింకు దగ్గరికి పోయి, అందరి ముందూ ఆమెను కడిగేశాను. రెండేళ్ల నా పని నీ చేతుల్లో పాడైందన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, అవి ఇక్కడ రాయలేను.

ఆమె ఏడవలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, గోడ మీది కాగితం వైపు చూపించింది.

"మేడం, నేను ఏడో తరగతి దాక చదివిన. గా కాయితం నాకు చదవొస్తది. పదిసార్లు కొత్త నీళ్లతోటి జాడియ్యమని ఉన్నది. పదిసార్లు లెక్కవెట్టి జాడిచ్చిన. మీరే బకెట్ల నీళ్లు మళ్ల మళ్ల వాడ్తరు. నేను రోజు చూస్తనే ఉన్న. మీరు చదువుకున్నోళ్లు, మీకు ఎరకనే చేస్తుండ్రనుకున్న." ఆమె గొంతు అప్పుడు కొంచెం తగ్గింది. "గీ పని పోతే నాకు మళ్ల ఇండ్లల్ల గిన్నెలు తోముడే మేడం. నేను తప్పు చేస్తె తీసెయ్యుండ్రి. చెయ్యకుంటె మాత్రం సార్‌కు చెప్పుండ్రి."

లోపలికి పోయి రెండు గొట్టాలు తీసుకున్నాను. ఒకటి నేను నా పద్ధతిలో బకెట్ నీళ్లతో కడిగాను. రెండోది ఆమెతో కాగితం ప్రకారం కడిగించాను. రెండింట్లోనూ ఒకే మిశ్రమం, ఒకే చమురు. నా గొట్టంలో బొట్టు సేమ్యా పోగులా సాగింది. ఆమె గొట్టంలో బఠాణీలా గుండ్రంగా కూర్చుంది.

అంటే మొదటి నుంచీ బొట్టును సాగదీసింది నేను చేసిన సర్ఫాక్టంట్ ఒక్కటే కాదు. బకెట్ నీళ్లలో పేరుకుపోయి గాజుకు అంటుకున్న గిన్నెల సబ్బు కూడా. కంటికి కనబడనంత సబ్బు. బట్టలకు అమ్మ పద్ధతి సరిపోయింది, గొట్టానికి సరిపోలేదు. నేను వెలుతురుకు ఎత్తి తళతళ చూసుకుని మురిసిపోయానే గానీ, ఆ తళతళే నన్ను మోసం చేసింది.

ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. సోమవారానికి ఆమె వెళ్లిపోతుంది. గొట్టాలు మళ్లీ నేనే కడుగుతాను. నిపుణుడి ముందు బొట్టు సాగుతుంది. ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. నేను ఆ ఆలోచనను ఎంతసేపు ఉంచుకున్నానో తెలియదు. తలుపు సందులోంచి సింకు దగ్గర ఆమె కనబడింది, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండా పక్కన పెట్టుకుని తర్వాతి గొట్టాలు కడుగుతోంది. నాకు నా మీదే అసహ్యం వేసింది. లేచి సార్ గదిలోకి పోయాను.

రెండు గొట్టాలూ ఆయన ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు. తర్వాత మాట్లాడటం మొదలుపెడితే ఆపలేదు.

"రెండేళ్ల పనమ్మా! వాళ్లకి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడేం మొహం పెట్టుకుని చెప్పను? గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాసుంది కదా. చదువుకున్నదానివి, అసలెందుకు చేశావలా?"

"నీళ్లు పారబోయడం నా చేత కాదు సార్" అన్నాను. "మేం చాకలోళ్లం. మా నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఇస్త్రీ బండి పెట్టుకున్నడు. బిజినెస్ అని నేను చెప్పింది ఉత్తదే. మా ఇంట్ల ఒక మూట జాడిచ్చిన నీళ్లు ఇంకో మూటకు వాడుతం. నాకు తెలవకుండనే ఇక్కడ అదే చేసిన."

ఆఫీసులో నేను ఎప్పుడూ ఆయనతో అలా మాట్లాడలేదు. ఇంటి మాట దానంతటదే వచ్చేసింది. చెప్పాక సిగ్గుపడతాననుకున్నాను, కానీ నిటారుగా నిలబడగలిగాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సరే. వాళ్లని రావద్దని చెప్పేస్తాను."

"చెప్పకండి సార్. ఆ బకెట్ నేను పారబోయలేదు. అందులో ఏముందో, ఎంతుందో కనుక్కుంటాను. గొట్టంలో దయ్యం దూరలేదు కదా, సబ్బే దూరింది. అది నా సర్ఫాక్టంట్‌కు తోడైతేనే బొట్టు సాగింది. ఆ తోడేదో నేను కావాలనే కలుపుతాను. ఇంకోమాట. సోమవారం అక్క వస్తుంది. ఇకమీదట నా గొట్టాలు కూడా ఆమే కడుగుతుంది."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చూద్దాం" అన్నారు. ఆ మాట చాలనుకున్నాను.

ముందు అక్క దగ్గరికి పోయి, ఎవరెవరి ముందు తిట్టానో వాళ్లందరి ముందే తప్పు నాదని చెప్పాను. ఆమె "పోనియ్యుండ్రి మేడం" అని ఒక్క మాటతో వదిలేసింది. నేనైతే అంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు.

నిపుణుడు వచ్చేలోపు మిగిలిన ఆ పది రోజులు నా జీవితంలో చాలా మంచి రోజులు. బకెట్ నీళ్లను మరిగించి ఆవిరి చేస్తే అడుగున పసుపచ్చటి జిగురు మిగిలింది. మా కింద అంతస్తులో తయారయ్యే గిన్నెల లిక్విడ్‌లో మూడు నాలుగు సరుకులుంటాయి. ఒక్కొక్కదాన్ని విడిగా నా మిశ్రమంలో వేసి చూశాను. ఒకటి వేస్తే ఉప్పు నీళ్లు మజ్జిగలా అయ్యాయి. ఇంకొకటి వేస్తే ఏ తేడా లేదు. మూడోది, సబ్బు పొడుల్లో ఎప్పటి నుంచో వాడుతున్న మామూలు సరుకు, చిటికెడు వేస్తే బొట్టు కదిలింది. ఎక్కువైతే విరిగింది, తక్కువైతే గుండ్రంగానే ఉండిపోయింది. ఎంత వేయాలో పట్టుకోవడానికే ఐదు రోజులు పట్టింది. ప్రతిసారీ అక్క పదిసార్లు లెక్కపెట్టి గొట్టాలు కడిగేది. పదోసారి నీళ్లు సింకులో పోస్తుంటే నా మొహం చూసి, "కండ్లు మూసుకోండ్రి మేడం, నేను పోస్త" అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, అక్క కడిగిన గొట్టంలో బొట్టు పోగులా సాగింది. నేను అరవలేదు. ఇంకో ఐదు గొట్టాలు కడిగించి, ఐదింట్లోనూ చూశాను. ఐదింట్లోనూ సాగింది. అప్పుడు అరిచాను. కింద ఫినాయిల్ డబ్బాలకు మూతలు బిగించేవాళ్లు ఏమైందోనని మెట్లెక్కి వచ్చారు.

నిపుణుడు చెప్పిన రోజుకే వచ్చాడు. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. సార్ లాప్‌టాప్ తెరవబోతే చేత్తో ఆపి, "ముందు మీ గొట్టాలు ఎక్కడ కడుగుతారో చూపించండి" అన్నాడు. ఇన్నేళ్ల అనుభవంలో నాలాంటి వాళ్లను ఆయన ఎంతమందిని చూశాడో. అక్క ఏం తడబడలేదు. ఆయన పక్కన నిలబడి చూస్తుండగా సాల్వెంట్, సబ్బు, నీళ్లు, పైకే లెక్కపెడుతూ పదిసార్లు జాడించింది. ఆ గొట్టాన్నే ఆయన తన చేత్తో నింపి, తాను తెచ్చుకున్న చమురు బొట్టు పెట్టి యంత్రంలో తిప్పాడు. బొట్టు సాగింది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు.

"రెండో సరుకు కలపాలని ఎలా తోచింది?" అని నన్నడిగాడు. సార్ నా వైపు చూశారు. నేను బకెట్ సంగతి, మా ఇంటి సంగతి, అక్క పట్టుకున్న నా తప్పు, మొత్తం చెప్పాను. ఆయన అంతా తన పుస్తకంలో రాసుకున్నాడు, అక్క మాటలతో సహా. వెళ్లేముందు మాత్రం, రాతి మీద పరీక్ష కూడా నెగ్గితే ఒక బావిలో వేసి చూస్తామని సార్‌కు మాటిచ్చాడు.

రాతి పరీక్షకు వాళ్లే రెండు ఇసుకరాతి ముక్కలు పంపారు, ఒక్కోటి అరచేయంత పొడవు. రెండింటినీ చమురుతో నింపి, ఉప్పు నీళ్లు తోశాం. వచ్చినంత చమురు వచ్చి ఆగిపోయింది. ఒకదాన్ని అక్కడితో వదిలేశాం. రెండోదానిలోకి మా సర్ఫాక్టంట్ నీళ్లు తోశాం. చాలాసేపు వట్టి నీళ్లే వచ్చాయి. తర్వాత గాజు కుప్పెలో నల్లటి చుక్క ఒకటి తేలింది, దాని వెనక ఇంకోటి, ఆ వెనక ధారలా. నీళ్లు ఇక నా వల్ల కాదని వదిలేసిన చమురు అది. ఆ కుప్పెను చేతిలో పట్టుకుంటే కడుపు నిండిపోయింది.

"మీ నాన్నగార్ని ఒకసారి తీసుకురామ్మా" అన్నారు సార్.

నాయిన తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. అప్పటికి రెండు రాళ్లనూ నిలువునా కోసి బల్ల మీద పెట్టాం. నీళ్లతో వదిలేసింది నల్లగా ఉంది. మాది ఇసుక రంగు తేలింది. ఆయన రెండింటినీ బొటనవేలితో రుద్ది, వాసన చూసి, మా రాయిని వెలుతురుకు తిప్పాడు.

"జిడ్డు వదిలింది బిడ్డా. మంచిగ ఉతికినవ్. గీ మూల ఇంక జర ఉన్నది" అని ఒక మరక చూపించాడు. సార్ గట్టిగా నవ్వారు. ఆ మరక నిజమే, దాని గురించే నేను ఇప్పుడు పనిచేస్తున్నాను.

తర్వాత ఆయన చూపు సింకు పక్కన ఆరబెట్టిన గొట్టాల మీద పడింది. ఒకటి తీసి వెలుతురుకు ఎత్తాడు. ఇంకోటి తీశాడు. నోటిలోకి చూసినట్టు గొట్టం లోపలికి చూశాడు.

"గివి ఎవరు జాడిచ్చిండ్రు?"

"అక్క" అన్నాను, సింకు దగ్గర నిలబడ్డ ఆమెను చూపిస్తూ.

ఆయన గొట్టాన్ని జాగ్రత్తగా ఉన్నచోట పెట్టి, ఆమె ముందుకు పోయి రెండు చేతులూ జోడించాడు. "మా చాకలింట్ల పుట్టాల్సిన చెయ్యి చెల్లే నీది" అన్నాడు, మా సార్ ముందు, అందరి ముందు, గట్టిగా. ఆమె సిగ్గుపడి తడిచేతులతోనే దణ్ణం పెట్టింది. అంత పెద్ద మాట ఆయన నన్ను ఇంతవరకూ అనలేదు.